మైపాడులో దొరికిన సీగల్: ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి, ఏం చేయాలి?

మైపాడు టీ అంగడి | 2025 జనవరి 18, ఉదయం

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా మైపాడు. బీచ్ దగ్గర టీ, బజ్జీల అంగడి పెట్టుకుని పదకొండేళ్ళయింది. మా ఆయన ఫైబర్ బోటులో వేటకు పోతాడు.

కనుమ నాడు బీచ్‌లో ఇసుక కనపడనంత జనం. మర్నాడు తెల్లవారుజామున అంగడి ముందు ఊడుస్తుంటే, ఒడ్డుకు లాగిన బోటు చాటున మూడు కుక్కలు నిలబడి దేన్నో చూస్తున్నాయి. పోయి చూస్తే ఒక తెల్ల పిట్ట. ప్రతి చలికాలం వస్తాయే, బోటు వెనకాలే అరుచుకుంటూ తిరుగుతాయే, ఆ సీగల్. మా అత్త వాటిని సముద్రపు కాకులు అంటుంది. ఎడమ రెక్క, కుడి కాలు కలిపి సన్నటి ఆకుపచ్చ నైలాన్ దారం చుట్టుకుపోయింది. ఎంత గింజుకుందో, దారం కాలి కండలోకి దిగిపోయింది.

మా ఆయన వల బాగుచేసే కత్తితో ఒక్కొక్క చుట్టూ కోశాడు. చూడటానికి కోడిపెట్టంత ఉంది గానీ చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. ముక్కు ఎరుపు, కొస నలుపు. కాళ్ళు ఎరుపు. వీపు బూడిద రంగు. కంటి వెనకాల కాటుక బొట్టు పెట్టినట్టు నల్ల మచ్చ. టమాటాల ట్రేలో గోనెపట్టా పరిచి, పైన తువ్వాలు కప్పి అంగడి వెనక పెట్టాను.

అన్నం పెడితే ముట్టలేదు. బన్ను ముక్క తింది. నిన్న పచ్చి నెత్తళ్ళు పెడితే ఐదు గబగబా మింగేసింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ నిన్న సాయంత్రం నుంచి ముక్కు కొసన నీటి చుక్క చేరుతోంది. తల విదిలిస్తుంది, కాసేపటికి మళ్ళీ చేరుతుంది. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నట్టు ముద్ద కక్కింది. విప్పి చూస్తే చేప ముళ్ళు, రొయ్య పెంకులు, వెండి రంగు షాంపూ ప్యాకెట్ ముక్క. కాలు వాచి ఉంది.

పక్క అంగడి వాళ్ళు బర్డ్ ఫ్లూ అయ్యుంటుంది, దూరంగా పారేసి రా అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. ఇది జబ్బేనా? కాలు బాగవుతుందా? వేసవికి ఈ పిట్టలన్నీ ఎక్కడికో పోతాయి కదా, ఇది వాటితో పోలేక వెనకపడిపోతుందా?

ఇంకొకటి కూడా అడగాలి. రెండేళ్ళుగా బీచ్‌కి వచ్చేవాళ్ళు మిక్చరు ప్యాకెట్లు కొని ఈ పిట్టలకు గాల్లోకి విసురుతున్నారు, ఫొటోల కోసం. ఆదివారం సాయంత్రం ఇరవై ముప్పై ప్యాకెట్లు పోతాయి. అమ్మేది నేనే. అది వాటికి మంచిదేనా?

పెన్నగట్టు | జనవరి 18, మధ్యాహ్నం

అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. నేను నెల్లూరులో జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు వైపు చలికాలమంతా పిట్టల్ని చూడటానికి పోతుంటాను.

ట్రే తీసేసి మూత ఉన్న అట్టపెట్టెలోకి మార్చండి. గాలికి చిన్న చిల్లులు చాలు. చీకటిగా, చప్పుడు లేకుండా ఉంటే పిట్ట గుండెదడ తగ్గుతుంది. మాటిమాటికీ తీసి చూడొద్దు. వెడల్పాటి గిన్నెలో మంచినీళ్ళు పక్కన పెట్టండి, నోట్లో మాత్రం పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిండికి చిన్న చేపలు అలాగే వేయండి, ఉప్పు, పసుపు ఏమీ వద్దు. అన్నం, బన్ను మానేయండి. కాలిని ఉప్పు నీళ్ళతో కడగండి, అంటే మరిగించి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పు. నూనె, వెన్న, ఆయింట్‌మెంట్ రాయొద్దు. ఈకలకు జిడ్డు అంటితే నీళ్ళు లోపలికి దిగి, సముద్రంలో వాలగానే తడిసి చచ్చిపోతుంది.

ఈ రోజే అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. అడవి పక్షిని ఇంట్లో ఉంచుకోవడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. మీరు కాపాడుతున్నారని వాళ్ళకు ముందే తెలిస్తే మీకూ ధైర్యం, పిట్టకూ డాక్టరు దొరుకుతాడు.

ఇక ముక్కు. అది జలుబు కాదమ్మా. సీగల్‌కు కళ్ళ పైన, పుర్రె మీద రెండు ఉప్పు గ్రంథులు ఉంటాయి. సముద్రపు నీళ్ళు తాగి, సముద్రపు చేప తింటే రక్తంలోకి చేరే ఉప్పును అవి లాగేసి, సముద్రం కంటే ఉప్పటి నీటిగా ముక్కు రంధ్రాల్లోంచి బయటికి పంపుతాయి. ఆ నీరు ముక్కు మీదుగా జారి కొసన చుక్క కడుతుంది, పిట్ట తల విదిలించి రాల్చేస్తుంది. మన మూత్రపిండాలకు అంత శక్తి లేదు, అందుకే నడిసంద్రంలో చుట్టూ నీళ్ళున్నా మనిషికి దాహం తీరదు. చుక్క తేటగా ఉన్నంతవరకు ఆ గ్రంథి పనిచేస్తోందని సంతోషపడండి. చిక్కగా, పసుపుగా మారినా, నోరు తెరిచి ఎగశ్వాస తీసినా, మెడ వంకరపోయినా అప్పుడు భయపడాలి.

ముద్ద కక్కడం కూడా దాని అలవాటే. అరగని ముళ్ళు, పెంకులు పొట్టలో ఉండకట్టి నోటి గుండా బయటికి వస్తాయి. గుడ్లగూబ కూడా ఇలాగే చేస్తుంది. షాంపూ ప్యాకెట్ బయటికి వచ్చేసింది కాబట్టి దీని అదృష్టం. అన్నీ అలా రావు.

బర్డ్ ఫ్లూ మాట కొట్టిపారేయను. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సులో ఆ వైరస్‌కు వేల పక్షులు చచ్చిపోయాయి, వాటిలో మీ దగ్గరున్న ఈ జాతి సీగల్స్ కూడా ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్ళకు వచ్చింది. మీ పిట్టకు దెబ్బ ఎలా తగిలిందో కళ్ళకు కనిపిస్తోంది, తిండి తింటోంది, కాబట్టి అనుమానం తక్కువ. అయినా గ్లౌజులు, మాస్కు వాడండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. పిల్లల్ని, ఇంటి కోళ్ళను దాని దగ్గరికి రానీయొద్దు. అంగడి వెనక నుంచి కూడా మార్చండి, తినుబండారాలకు దగ్గరగా ఉంచకూడదు.

ఒక సంగతి చెప్పండి: కంటి గుడ్డు రంగు ఏమిటి? రెక్క చాచితే నల్లటి కొసలో తెల్ల మచ్చలు ఉన్నాయా?

మైపాడు టీ అంగడి | జనవరి 18, రాత్రి

సార్, మీ మాట చదివాక కడుపు నిండినట్టయింది. అట్టపెట్టెలోకి మార్చి మా వంటింటి అవతల కొట్టులో పెట్టాను. ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేశాను, సోమవారం వస్తామన్నారు. కన్ను తెల్లగా ఉంది, ఎదురుగా చూస్తే కొంచెం కోపంగా ఉన్నట్టుంటుంది. రెక్క కొస నలుపు, అందులో రెండు తెల్ల మచ్చలు ఉన్నాయి.

పెన్నగట్టు | జనవరి 19, ఉదయం

అయితే అది గోధుమ తల సీగల్, వయసుకొచ్చినదే. పేరుకు గోధుమ తల గానీ మన దగ్గరున్నన్నాళ్ళూ తల తెల్లగానే ఉండి, మీరన్న కాటుక బొట్టు ఒక్కటే మిగులుతుంది. మార్చి వచ్చేసరికి తలంతా కాఫీ రంగు ముసుగు వేసుకున్నట్టవుతుంది. అప్పుడు చూసినవాళ్ళు ఇదేదో కొత్త పిట్ట అనుకుంటారు. మన తీరంలో నల్ల తల సీగల్ కూడా తిరుగుతుంది, అది ఇంకొంచెం చిన్నది, కన్ను నల్లన, రెక్క కొసలో ఈ తెల్ల మచ్చలుండవు. పసుపు ముక్కు కొసన ఎరుపు, నలుపు పట్టీలతో బాతుకంటే పెద్దగా కనిపించేది పల్లాస్ సీగల్.

మీ పిట్ట పుట్టిల్లు లదాఖ్, టిబెట్ పీఠభూమి, ఆ పై మధ్య ఆసియా. లదాఖ్‌లో సో మోరీరి అనే సరస్సు ఉంది, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున. అక్కడ మనం నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. ఇవి జూన్‌లో అలాంటి సరస్సుల లంకల్లో గుంపుగా గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. చలికాలం సరస్సు గడ్డకడితే తిండి ఉండదు, అందుకని హిమాలయాలు దాటి మన దాకా వస్తాయి. అక్టోబరుకల్లా వచ్చి, మార్చి, ఏప్రిల్‌లో తిరిగి పోతాయి. అంటే మీ దగ్గర రెండు నెలలకు పైగా టైముంది, కాలు మానితే వెనకపడదు.

మిక్చరు గురించి మీరే అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. ఆపేయండి. శనగపిండి, నూనె, కారం, ఉప్పుతో దాని పొట్ట నిండిపోతుంది, చేపలో దొరికే మాంసకృత్తులు, కొవ్వు దొరకవు. ఈ రెండు మూడు నెలల్లో ఒంటికి పట్టించుకున్న కొవ్వే దానికి హిమాలయం దాటే పెట్రోలు. పైగా గాల్లో అందుకోవడం అలవాటైన పిట్ట మనిషి చెయ్యి చూసి కిందికి దిగుతుంది, కుక్కలకూ, గాలపు దారాలకూ దగ్గరవుతుంది.

కొత్తపట్నం బోటు | జనవరి 19, మధ్యాహ్నం

మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. అక్కా, పిట్టను కుక్కల నోట్లోంచి తప్పించారు, మీకు పుణ్యం.

సంద్రంలో ఈ పిట్టలు మాకు కళ్ళు. దూరంగా గుంపు నీళ్ళ మీద గిరగిరా తిరుగుతుంటే కింద కవళ్ళో నెత్తళ్ళో ఉన్నట్టు. పెద్ద చేప కింద నుంచి తరిమితే చిన్న చేప పైకి తేలుతుంది, వీటికి అదే కావాలి, ఇవి లోతుకు మునగలేవు. మా నాయన ఫిష్ ఫైండర్ లేని రోజుల్లో పిట్టను చూసే వల వేసేవాడు.

వల లాగాక పనికిరాని చిన్న చేప, పీత పిల్లలు నీళ్ళలోకి విసిరేవాళ్ళం, వెనకాల వందల పిట్టలు. ఇప్పుడు ఆ చెత్త చేప కూడా ఎండబెట్టి పొడి చేసే మీల్ ఫ్యాక్టరీకి రేటు పలుకుతోంది, గుప్పెడు కూడా నీళ్ళలోకి పారేయం. నాకు తోచింది చెబుతున్నా: బోటు వెనక దొరకనిదాన్ని అవి మీ బీచ్‌లో, ఊరి చెత్తకుప్ప మీద వెతుక్కుంటున్నాయి.

ఆ ఆకుపచ్చ దారం మాత్రం మా వలది కాదనుకుంటా. మా వల దారం పోగులు పేని, ముడులతో ఉంటుంది. మీరు చెప్పేది ముడి లేని ఒంటి దారం. ఫొటో పెట్టండి.

రొయ్యల గుంట | జనవరి 20, ఉదయం

నేను విడవలూరు మండలంలో తొమ్మిదెకరాల్లో వనామి రొయ్య సాగు చేస్తాను. ఇక్కడ అందరూ పిట్ట మీద జాలి పడుతున్నారు, తప్పులేదు. మా బాధ కూడా వినండి. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు మా నాయన టైగర్ రొయ్య పంట వారంలో తుడిచిపెట్టుకుపోయింది. అమ్మ గాజులు అమ్మి అప్పు కట్టాం. గుంటలో రొయ్య చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే చాలు, ఈ తెల్ల పిట్టలు, కాకులు దిగి ముక్కున కరుచుకుని పక్క గుంటలో జారవిడుస్తాయి. ఒకరి జబ్బు పదిమందికి. మేం వాటిని తరమకుండా ఎలా ఉంటాం?

నిన్న సాయంత్రం మైపాడు అమ్మ పెట్టిన దారం ఫొటో చూశాను. అమ్మా, ఆ దారం నాకు తెలుసు. పిట్టలు దిగకుండా గుంట మీద ఈ కట్ట నుంచి ఆ కట్టకు వరసగా కట్టే దారం అది. నేనూ అదే వాడుతున్నాను. ఎండకు రెండు పంటలకే పెళుసెక్కి తెగిపోతుంది, తెగిన ముక్కలు కాలవలో పడి ఉప్పుటేరులోకి, అక్కణ్ణుంచి సంద్రంలోకి పోతాయి. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కట్ట చుట్టూ తిరిగి చూస్తే చెత్తలో అలాంటి ముక్కలు చేతికి నిండా దొరికాయి.

పెన్నగట్టు | జనవరి 20, మధ్యాహ్నం

మీ భయం నిజమైనదే. అమెరికాలో టెక్సాస్‌లో టారా అనే ఇంకొక రొయ్యల వైరస్ సీగల్ రెట్టలో కూడా బతికి ఉన్నట్టు తేల్చారు. తెల్లమచ్చకు మీరు చెప్పిన దారే పెద్ద ప్రమాదం, నోట కరుచుకున్న రొయ్య పక్క గుంటలో పడటం. కానీ పిట్టను రప్పించేది చచ్చిన రొయ్యే. పొద్దున, సాయంత్రం కట్ట వెంట తిరిగి చచ్చినవి తీసి, సున్నం వేసి లోతుగా పూడ్చండి, సగం పిట్టలు తగ్గిపోతాయి. పీతలు గుంటలోకి రాకుండా కట్టే కంచె కూడా చూసుకోండి, పీత కూడా ఆ వైరస్‌ను మోస్తుంది, దానికి రెక్కలు లేవు కాబట్టి మనం పట్టించుకోం.

దారం విషయంలో నా మాట: సన్నగా, కంటికి కనపడనిది పిట్టను ఆపదు, పట్టుకుంటుంది. లావుపాటి తెల్ల తాడు కట్టి, గజానికొక మెరిసే రిబ్బను వేలాడదీస్తే దూరం నుంచే చూసి తప్పుకుంటుంది. పంట తీశాక తాళ్ళు విప్పి చుట్టి లోపల పెట్టండి, గుంటల మీదే ఎండనీయకండి.

బ్రిస్టల్‌లో నెల్లూరు | జనవరి 21

మాది నెల్లూరు మూలాపేట, ఇప్పుడు ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లో ఉంటున్నాను. ఇక్కడ సీగల్స్ మన దగ్గరలా చలికాలపు చుట్టాలు కావు. హెర్రింగ్ సీగల్, చిన్న నల్లవీపు సీగల్ ఊరి మధ్యలో మిద్దెల మీదే గూడు కడతాయి. వాటికి మిద్దె అంటే నక్క ఎక్కలేని కొండచరియ. మే, జూన్‌లో పిల్లలున్నప్పుడు మా ఇంటి సందులోకి వెళ్తే తల మీదికి దూకుతాయి, మా అబ్బాయి గొడుగు వేసుకుని స్కూలుకి పోతాడు.

మైపాడు అక్కగారు ఆదివారం సాయంత్రం అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడి యూనివర్సిటీ వాళ్ళు సీగల్స్‌కు చిన్న జీపీఎస్ పరికరాలు కట్టి చూశారు, 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. స్కూల్లో ఇంటర్వెల్ టైముకు, చెత్త దించే టైముకు అవి సరిగ్గా అక్కడికి చేరుతున్నాయి. ఇంకో ఊళ్ళో, ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు చిప్స్ ప్యాకెట్ నేల మీద పెట్టి, మనిషి కళ్ళలోకి చూస్తుంటే సీగల్ జంకుతుందని, ముఖం తిప్పుకుంటే తొందరగా వచ్చేస్తుందని చూపించారు. నేనూ పరీక్షించాను, నిజం. ఊరంతా వీటిని తిట్టుకుంటారు గానీ హెర్రింగ్ సీగల్ సంఖ్య దేశం మొత్తం మీద బాగా పడిపోయి, ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో ఉంది. ఊళ్ళో కళ్ళ ముందు కనిపిస్తోందని బాగున్నాయనుకుంటాం.

పెన్నగట్టు | జనవరి 21

బ్రిస్టల్ బాబూ, మీ హెర్రింగ్ సీగల్ పసుపు ముక్కు మీద ఎర్ర చుక్క గమనించారా? పిల్ల ఆ చుక్కను పొడిస్తేనే తల్లి తిండి కక్కి పెడుతుంది. టింబర్జెన్ అనే జంతు శాస్త్రవేత్త అట్టముక్కలతో ఉత్తుత్తి ముక్కులు చేసి దాన్ని నిరూపించాడు, 1973లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. ఈ పాఠం ఎన్నేళ్ళో క్లాసులో చెప్పాను, ఆ చుక్కను కళ్ళారా చూసే అవకాశం రాలేదు. వీలైతే ఫొటో పంపండి.

మైపాడు టీ అంగడి | జనవరి 27

అందరికీ చెప్పాలని ఉదయం నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

సోమవారం ఫారెస్టు వాళ్ళతో పాటు డాక్టరు వచ్చాడు. కాలి ఎముక విరగలేదు, దారం కోసిన చోట మాత్రం కుడి కాలు కొంచెం వంకర తిరిగింది, అది ఇక బాగవదన్నాడు. రెక్కకు దెబ్బ లేదు. వాళ్ళే తీసుకుపోయి ఆరు రోజులు ఉంచుకున్నారు. నిన్న ఆదివారం, జనం రాకముందే పొద్దున ఆరున్నరకు మా బీచ్‌కే తెచ్చారు. మా ఆయన, నేను, అత్త నిలబడ్డాం.

పెట్టె మూత తీస్తే వెంటనే ఎగరలేదు. ఇసుక మీద నాలుగడుగులు కుంటుతూ నడిచింది. తల విదిలించింది, ముక్కు చుక్క నా కాలి మీద పడింది. గాలికి ఎదురు తిరిగి రెక్కలు చాచింది, అంతే, పరుగు కూడా పెట్టకుండా గాలే ఎత్తుకున్నట్టు పైకి లేచింది. బోట్ల వెనక గుంపులో కలిసిపోయాక ఏది మాదో గుర్తుపట్టలేకపోయాను. అత్త చాలాసేపు చేతులు జోడించుకునే నిలబడింది.

మిక్చరు ఆపేశాను. నిన్న సాయంత్రం నలుగురు కుర్రాళ్ళు అడిగితే పిట్ట ఫొటో, దారం కోసుకుపోయిన కాలు ఫొటో చూపించాను. ఇద్దరు టీ తాగి కూర్చుని కథంతా విన్నారు. ఇద్దరు పక్క అంగడికి పోయి కొనుక్కొచ్చారు. పక్క అంగడామెతో కూడా మాట్లాడాలి, ఆమెకూ అదే బతుకుతెరువు, ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.

రొయ్యల గుంట | ఫిబ్రవరి 9

రెండు గుంటల మీద దారం తీసేసి లావు తాడు కట్టాను, రిబ్బన్లతో సహా. ఖర్చు ఎక్కువే అయింది. మిగతా గుంటలకు ఈ పంట తీశాక మారుస్తాను. పాత దారం కాలవల్లోంచి ఏరించి గోనెసంచిలో కట్టిపెట్టాను. మా పక్క రైతులు ముగ్గురు వచ్చి చూసి వెళ్ళారు, ఒకరు మార్చారు.

మైపాడు టీ అంగడి | ఏప్రిల్ 16

నిన్నటి నుంచి వేట నిషేధం, జూన్ 14 దాకా. బోట్లన్నీ ఒడ్డున వరసగా ఉన్నాయి. మా ఆయన వలలు ముందేసుకుని కూర్చున్నాడు. తెల్ల పిట్టలు మార్చి ఆఖరులోనే పల్చబడ్డాయి, సార్ చెప్పినట్టు తలలకు కాఫీ రంగు వచ్చాక. ఇప్పుడు తోక కొసన నల్ల పట్టీతో, ఇంకా వయసుకు రానివి రెండు మూడు మాత్రం తిరుగుతున్నాయి.

పక్క అంగడామె మిక్చరు మానలేదు గానీ పిట్టలకని అడిగితే ఇవ్వడం లేదు.

మా పిట్టకు కుడి కాలు వంకర, నిలబడితే ఆ పాదం లోపలికి తిరిగి ఉంటుంది. అక్టోబరులో పులికాట్ మొదలు చీరాల దాకా ఎవరికైనా కనిపిస్తే ఇక్కడ రాయండి. నేను చూస్తూ ఉంటాను.